ఊబి దాటించిన పాట

అనగనగా ఒక అడవి ఉండేది పిల్లలూ. దానికి మూడు వైపులా నిట్టనిలువు కొండలు. నాలుగో వైపు పెద్ద ఊబి. ఊబి అంటే తెలుసు కదా? పైకి పచ్చగా గడ్డి మొలిచి, చూడ్డానికి చక్కటి నేలలాగే ఉంటుంది. కాలు పెట్టామా, లోపలికి లాగేస్తుంది. ఎంత గింజుకుంటే అంత దిగబడిపోతాం.

ఊబికి అవతల ఒక మడుగు ఉంది. ఎంత ఎండలు కాసినా అది ఎండదు. వేసవిలో అడవిలోని వాగు ఇంకిపోతే జంతువులన్నిటికీ ఆ మడుగే దిక్కు. అక్కడికి చేరాలంటే ఊబిని దాటాలి. ఊబి మధ్యలో మెలికలు తిరుగుతూ గట్టినేల దారి ఒకటి ఉంది. ఆ దారి బాగా తెలిసినవాడు ఒక ముసలి అడవిదున్న. ఆయన ముందు నడిచేవాడు. మిగతావాళ్లు ఆయన తోక చూసుకుంటూ వెనకాల నడిచేవాళ్లు. దారి నేర్చుకోవాలని ఎవరికీ తోచలేదు.

ఒక చలికాలం ఆ అడవిదున్న కన్నుమూశాడు.

జంతువులన్నీ ఒకచోట చేరాయి. అందరి మొహాల్లోనూ దిగులే.

"ఎండలు ముదిరేలోపు ఏదో ఒకటి చెయ్యాలి," అంది దుప్పి చుక్కమ్మ. ఆమె పక్కనే ఆమె కూతురు గురివింద నిలబడి ఉంది. గురివింద ఇంకా చిన్నపిల్ల. కాళ్లు సన్నగా పుల్లల్లా ఉంటాయి.

"దారిని పాటగా కట్టుకుంటే?" అన్నాడు ఎలుగుబంటి బైరన్న. ఆయన పెద్దవాడు. గొంతు బొంగురు. "పాట నోటికి వస్తే మరిచిపోరు. ఎవరికి దాహం వేసినప్పుడు వాళ్లు పాడుకుంటూ వెళ్లొచ్చు."

అందరి చూపులూ ఒకేసారి పైకి లేచాయి. అక్కడ రేగుకొమ్మ మీద సన్నాయి అనే పికిలిపిట్ట కూర్చుని ఉంది. ఆ అడవిలో పాటలు కట్టేది సన్నాయే. ఆమె పాడితే వాగు కూడా చప్పుడు తగ్గించి వింటుందని అనేవాళ్లు.

"అదెంత పని!" అంది సన్నాయి. "పైనుంచి చూస్తే ఆ దారి నాకు వెండి గీతలా కనిపిస్తుంది. రేపే కట్టేస్తాను."

అన్నట్టే మర్నాడు ఊబి మీద ఒక చుట్టు ఎగిరి వచ్చి పాట కట్టేసింది. అందరినీ పిలిచి పాడింది.

*పసిడి ఎండలు ముద్దాడే పచ్చపచ్చని పానుపు చెంత,*
*మోదుగు మంటల పూలు పిలిచే మలుపును చేరవోయి.*
*మనసు లాగే వైపుకు నువ్వు మెల్లగ మళ్లవోయి,*
*వెండి గీతలా మెరిసే దారిని పట్టి సాగవోయి.*

పాట అయిపోగానే అడవంతా హోరెత్తింది. కుందేళ్లు ఎగిరి గంతులేశాయి. పచ్చయ్య అనే రామచిలుక అయితే రెక్కలు టపటపా కొట్టుకుంటూ, "ఇలాంటి పాట ఈ అడవిలో పుట్టలేదు, ఇక పుట్టదు!" అన్నాడు.

సన్నాయి ఛాతీ పొంగింది.

బైరన్న మాత్రం తల గోక్కున్నాడు. "పాట కమ్మగా ఉంది తల్లీ. ఇంతకీ ఆ మలుపు దగ్గర కుడికి తిరగాలా, ఎడమకా?"

సన్నాయి నవ్వింది. "పాటలో కుడి, ఎడమ అంటే ఏం బాగుంటుంది తాతా? అందం పోదూ?"

"అంతేనేమోలే," అన్నాడు బైరన్న. "నాకు పాటల గురించి ఏం తెలుసు?"

ఆ సంగతి అక్కడితో ఆగిపోయింది. ఆగకుండా ఉంటే బాగుండేది.

ఎండలు వచ్చాయి. వాగు పాయలైంది, తర్వాత గుంటలైంది, తర్వాత ఒట్టి ఇసుకే మిగిలింది. ఒక మధ్యాహ్నం గురివిందకి నాలుక పిడచకట్టుకుపోయింది. అమ్మ మేతకి వెళ్లింది. ఎంతసేపటికీ రాలేదు.

'పాట నాకు వచ్చు కదా,' అనుకుంది గురివింద. పాడుకుంటూ ఊబిలోకి బయల్దేరింది.

మొదట్లో బాగానే నడిచింది. కాసేపటికి మోదుగు పూలున్న మలుపు కోసం వెతికింది. పూలు ఏవి? పాట కట్టినప్పుడు మోదుగు చెట్టు ఎర్రగా మండుతూ ఉంది. ఇప్పుడు ఎండలకి పూలన్నీ రాలిపోయాయి. గురివింద అటూ ఇటూ చూసింది. ఒక పక్క బూడిదరంగు రాళ్లు. ఇంకో పక్క లేత పచ్చటి గడ్డి.

"మనసు లాగే వైపుకు నువ్వు మెల్లగ మళ్లవోయి," అని పాడుకుంది.

ఆకలిదప్పులతో ఉన్న జింకపిల్ల మనసు ఎటు లాగుతుంది? గడ్డి వైపు లాగింది. మెల్లగా మళ్లింది. కాలు పెట్టింది.

కాలు దిగిపోయింది.

లాక్కోవాలని రెండో కాలు ఊనింది. అదీ దిగిపోయింది. పొట్ట దాకా బురద వచ్చింది. "అమ్మా!" అని అరిచింది. బురద గుండెల దాకా వచ్చింది.

ఆ కేక కొమ్మ మీదున్న సన్నాయికి వినబడింది. రివ్వున ఎగిరి వచ్చి చూసింది. గురివింద మెడ, తల మాత్రమే పైకి కనబడుతున్నాయి.

"కదలకు! గురివిందా, కదలకు తల్లీ!" అని అరిచింది సన్నాయి.

గురివింద కళ్లెత్తి చూసింది. "అత్తా, నేను తప్పు పాడలేదు," అంది ఏడుస్తూ. "నువ్వు నేర్పినట్టే పాడాను."

సన్నాయి గుండె జారిపోయింది. తను పిడికెడంత పిట్ట. జింకపిల్లని ఎలా లాగుతుంది? గొంతు చించుకుంటూ అడవిలోకి ఎగిరింది. "బైరన్నతాతా! చుక్కమ్మా! రండి, రండి!"

బైరన్న పరుగెత్తుకొచ్చాడు. విరిగిపడిన ఒక మానుని గట్టు మీదనుంచి బురద మీదకి దొర్లించాడు. దాని మీద బోర్లా పడుకుని పాకాడు. మాను ఆయన బరువుకి కుంగుతోంది. చెయ్యి చాపాడు. అందలేదు. ఇంకాస్త పాకాడు. మాను ఇంకాస్త కుంగింది. గురివింద గడ్డం దాకా బురద వచ్చేసింది. గట్టు మీద చుక్కమ్మ అటూ ఇటూ పరుగులు తీస్తోంది.

బైరన్న మెడ ముందుకు చాచి, గురివింద మెడ వెనక తోలుని పళ్లతో మెత్తగా పట్టుకున్నాడు. అంగుళం అంగుళం వెనక్కి జరిగాడు. బురద 'గుబుక్' మని చప్పుడు చేసి పిల్లని వదిలింది.

చుక్కమ్మ పిల్ల ఒళ్లంతా నాకింది. సన్నాయి దగ్గరకొచ్చింది. చుక్కమ్మ ఆమె వైపు చూసింది. తిట్టలేదు. పిల్లని తోడ్కొని వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది అనిపించింది సన్నాయికి.

కొమ్మ మీదకి వెళ్లి కూర్చుంది. పచ్చయ్య వచ్చి పక్కన వాలాడు.

"నువ్వు బాధపడతావేంటి?" అన్నాడు. "పాటలో తప్పు లేదు. పిల్లకే అర్థం కాలేదు. అంత గొప్ప పాట అందరికీ అర్థం కావాలంటే ఎలా?"

ఆ మాట సన్నాయికి తేనెలా తగిలింది. అవును, పిల్లదే తప్పు అనుకుంటే ఎంత హాయి! ఎప్పటిలాగే పాడుకోవచ్చు, అందరూ మెచ్చుకుంటారు. కాని "నేను తప్పు పాడలేదు అత్తా" అన్న గొంతు చెవుల్లో తిరుగుతూనే ఉంది.

"పాడింది సరిగ్గానే పాడింది పచ్చయ్యా," అంది చివరికి. "పాడినదాన్ని నమ్మి కాలు పెట్టింది. తప్పు పాటదే."

తెల్లవారగానే బైరన్న దగ్గరకి వెళ్లింది.

"తాతా, నా పాటని బాగుచెయ్యాలి. ఎక్కడ మొదలుపెట్టను?"

"పాటలు కట్టడం నాకు రాదు తల్లీ," అన్నాడు బైరన్న. "ఒక్కటి అడుగుతాను. ఆ దారిలో నువ్వెప్పుడైనా నడిచావా?"

సన్నాయి తల అడ్డంగా ఊపింది. ఆమె ఎప్పుడూ ఎగిరిందే. నడవలేదు.

ఆ రోజు ఊబి అంచున దిగింది. చిన్నచిన్న గెంతులతో దారి పట్టింది. ముందు బైరన్న నడిచాడు. ఆయన ఒక కర్రతో నేలని పొడిచి చూసుకుంటూ అడుగు వేస్తున్నాడు. కిందనుంచి చూస్తే సన్నాయికి ఏదీ గుర్తుపట్టడానికి రాలేదు. వెండి గీత లేదు. తలకంటే ఎత్తుగా గడ్డి. ఎటు చూసినా ఒకటే పచ్చదనం. పైన ఎగిరేటప్పుడు రెప్పపాటులో దాటే చోటుకి ఇక్కడ ఎంతసేపు నడిచినా చేరలేదు. ఆమెకి భయం వేసింది.

'ఈ భయంలో పసిడి ఎండలు ఎవరికి కావాలి?' అనుకుంది.

ఇంటికి వచ్చి పాటని మళ్లీ కట్టింది. ఈసారి ఒంటిమద్ది చెట్టు, జంట బండలు, వాలిన వెదురు అన్నీ పెట్టింది. కుడి అంది, ఎడమ అంది. అయినా 'వెండి గీతలా మెరిసే దారి' అన్న పాదాన్ని మాత్రం వదల్లేకపోయింది. ఆ ఒక్క పాదం అంటే ఆమెకి ప్రాణం.

ఈసారి తను పాడి వినిపించలేదు. పాట నేర్పి, వాళ్ల చేత పాడించి, తను చెట్టు చాటున కూర్చుని వింది.

కుందేలు పాడింది. వెండి గీత దగ్గరికి వచ్చేసరికి తడబడింది. 'దీనికి మతిమరుపు,' అనుకుంది సన్నాయి. అడవిపంది పాడాడు. అతనూ అక్కడే తడబడ్డాడు. 'వీడికి శ్రద్ధ లేదు,' అనుకుంది. చుక్కమ్మ పాడింది. ఎంతో శ్రద్ధగా, ఒక్కో మాటా పట్టి పాడింది. ఆమె కూడా వెండి గీత దగ్గరే ఆగిపోయి, తర్వాత ఏముందో గుర్తురాక గురివింద మొహం చూసింది.

సన్నాయికి అప్పుడు తెలిసింది. ఒక్కరు తడబడితే అది వాళ్ల తప్పు కావచ్చు. అందరూ ఒకేచోట తడబడుతుంటే అక్కడ పాటలోనే గుంట ఉన్నట్టు. వెండి గీత ఎటు తిరగాలో చెప్పదు, ఎక్కడ ఆగాలో చెప్పదు. ఊరికే మెరుస్తుంది.

ఆ పాదాన్ని తీసేసింది. తీసేస్తుంటే తన ఈకని తనే పీక్కున్నట్టు అనిపించింది. అయినా తీసేసింది.

ఈసారి పాట బాగా పనిచేసింది. జంతువులు పాడుకుంటూ వెళ్లి నీళ్లు తాగి వచ్చాయి. చుక్కమ్మ కూడా మెల్లగా పలకరించడం మొదలుపెట్టింది. సన్నాయి ఊపిరి పీల్చుకుంది.

అప్పుడు వచ్చింది ముళ్లపంది ఈరమ్మ. ఆమె ముసలిది. చూపు మసక.

"నీ పాట బాగుందంటున్నారే అమ్మాయీ," అంది. "నాకే కలిసిరాలేదు. ఒంటిమద్దిని కుడిపక్క ఉంచుకోమంటావు. ఆ మద్ది ఎక్కడుందో నాకు కనబడితే కదా!"

సన్నాయికి నీరసం వచ్చింది. ఇన్ని తిప్పలు పడింది. ఇప్పుడు ఒక్కరి కోసం మళ్లీ మొదలుపెట్టాలా?

"ఆవిడ ఎవరి వెనకైనా నడుస్తుందిలే," అన్నాడు పచ్చయ్య. "ఎంతమందికని దిద్దుతావు?"

'నిజమే కదా' అనేద్దామనుకుంది సన్నాయి. ఈరమ్మ అప్పటికే వెనుదిరిగింది. రాయికి మూతి కొట్టుకుని, తడుముకుని, పక్కకి తిరిగి వెళ్తోంది. ఎవరి వెనక నడుస్తుంది? ఆమెతో పాటు నడిచేంత తీరిక ఎవరికుంది?

"ఆగు అవ్వా!" అని పిలిచింది సన్నాయి. "నాతో రా. ఇద్దరం నడుద్దాం."

ఇద్దరూ ఊబిలోకి దిగారు. సన్నాయి కళ్లు మూసుకుని గెంతుతోంది. ఈరమ్మ ఒక్కో కాలూ జాగ్రత్తగా ఊనుతోంది.

"అవ్వా, కాళ్ల కింద ఏముంది?"

"రాయి. ఇదీ రాయే. ఇంకో రాయి. దీని తర్వాత రాయి లేదు."

"ఇప్పుడు?"

"ఇసుక. గరగరలాడుతోంది."

"ఇప్పుడు?"

"నీళ్లు. చల్లగా ఉన్నాయి. అదిగో, ఇటు మెత్తగా ఉంది. మెత్తగా ఉంటే వెనక్కి రావాలి, గట్టిగా ఉంటే ముందుకి పోవాలి. అంతే కదా ఎక్కడైనా!"

సన్నాయి ఠక్కున కళ్లు తెరిచింది. "ఆ మాట మళ్లీ చెప్పు అవ్వా."

"ఏ మాట?"

"మెత్తగా ఉంటే..."

ఈరమ్మ మళ్లీ చెప్పింది. ఎన్ని రోజులు కూర్చున్నా తనకి దొరకని పాదం అది. సన్నాయి దాన్ని ఉన్నది ఉన్నట్టు పాటలో పెట్టేసింది. మిగతా పాటంతా ఆ మాటల దారిలోనే తిరిగి కట్టింది. అడుగుకో మాట పడేలా, రొప్పుతూ కూడా పాడగలిగేలా చిన్న పాదాలు చేసింది.

*రాయి మీద రాయి, మూడో రాయి, ఆగు.*
*ఎడమకి తిరుగు, ఇసుకలో సాగు.*
*ఇసుక చివర నీరు, నీరు చల్లన.*
*కుడికి తిరుగు, కుడికే సాగు.*
*మెత్తగ ఉంటే వెనక్కి రా,*
*గట్టిగ ఉంటే ముందుకి పో.*
*వేరు తగిలితే వేరు పట్టు,*
*వేరు పట్టి గట్టు ఎక్కు.*

ఈ పాటకి ఎవరూ గంతులెయ్యలేదు. కుందేళ్లు విని, "ఇంతేనా?" అన్నాయి. పచ్చయ్య ముక్కు విరిచాడు. "ఇది పాటా? పిల్లలు గోళీలాడుకుంటూ పాడుకునే మాటల్లా ఉన్నాయి."

సన్నాయికి లోపల చురుక్కుమంది. కాని సాయంత్రానికల్లా చూస్తే కుందేళ్లు మేస్తూ అదే పాడుతున్నాయి. బైరన్న పుట్ట తవ్వుతూ అదే పాడుతున్నాడు. ఆయన గొంతు బండ మీద బండ రాసినట్టు ఉంటుంది. అయినా ఒక్క మాట కూడా పోలేదు.

కొన్నాళ్లు గడిచాయి. ఎండలు మరీ ముదిరాయి. ఆకులు రాలి నేలంతా పరుచుకున్నాయి.

ఒక పూట గాలి ఉన్నట్టుండి వేడెక్కింది. కొండ మీదనుంచి వెదుళ్లు పగులుతున్న చప్పుడు వచ్చింది. ఫట్, ఫట్, ఫట్!

"కార్చిచ్చు!" అని ఎవరో అరిచారు.

మూడు కొండల మీదా మంట పాకుతోంది. ఇక ఒక్కటే దారి. అందరూ ఊబి వైపు పరుగుతీశారు. అంచుకి చేరేసరికి వెనకనుంచి పొగ వచ్చి కమ్మేసింది. ఎంత దట్టమైన పొగ అంటే, చుక్కమ్మకి తన ముందుకాళ్లే కనబడలేదు. ఒంటిమద్ది లేదు, జంట బండలు లేవు, ఆకాశం కూడా లేదు.

"ఎటు? ఎటు వెళ్లాలి?" అని అందరూ ఒకరినొకరు తోసుకుంటున్నారు. ఇంకొంచెం తోసుకుంటే అంచున ఉన్నవాళ్లు బురదలో పడతారు.

"సన్నాయీ, ఎగిరిపో!" అని పైనుంచి పచ్చయ్య కేక వినబడింది. "నీకు రెక్కలున్నాయి! రా!" అతని రెక్కల చప్పుడు దూరమైపోయింది.

సన్నాయి ఎగరలేదు. చుక్కమ్మ వీపు మీద వాలింది.

"చుక్కమ్మా, ముందు నువ్వు నడు. నేను పాడతాను. కళ్లతో వెతకకు. కాళ్లతో విను."

చుక్కమ్మ ఒక్క క్షణం ఆగింది. ఒకసారి ఈ పిట్ట పాటని నమ్మే తన బిడ్డ చావుదాకా వెళ్లింది. వెనకనుంచి వేడి వీపుకి తగులుతోంది. చుక్కమ్మ కాలు ముందుకి వేసింది.

"రాయి మీద రాయి, మూడో రాయి, ఆగు," పాడింది సన్నాయి.

చుక్కమ్మ గిట్టకి రాయి తగిలింది. రాయి. ఇంకో రాయి. ఆగింది.

"ఎడమకి తిరుగు, ఇసుకలో సాగు."

గరగరమంటూ ఇసుక. వెనకనున్నవాళ్లు అందుకున్నారు. వాళ్ల వెనకవాళ్లు వాళ్ల దగ్గర అందుకున్నారు. పొగలో ఎవరూ ఎవరికీ కనబడటం లేదు. పాట మాత్రం తాడులా అందరినీ కలిపి పట్టుకుంది.

"ఇసుక చివర నీరు, నీరు..."

సన్నాయి గొంతులో పొగ నిండిపోయింది. దగ్గు వచ్చింది. మళ్లీ పాడబోయింది. గొంతు పెగల్లేదు. చుక్కమ్మ టక్కున ఆగిపోయింది. వెనక అందరూ ఆగిపోయారు. మంట చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

"నీరు చల్లన!" అని సన్నటి గొంతు ఒకటి లేచింది. గురివింద. అమ్మ తోకకి మూతి ఆనించి నడుస్తోంది. "కుడికి తిరుగు, కుడికే సాగు! అమ్మా, పాడు!"

చుక్కమ్మ పాడింది. పాడుతూ నడిచింది. ఒకచోట గిట్ట మెత్తగా దిగింది. "మెత్తగ ఉంటే వెనక్కి రా," అని పాడుతూ కాలు వెనక్కి వేసింది. పక్కకి ఊనింది. గట్టిగా తగిలింది. ముందుకి వెళ్లింది. వేరు తగిలింది. వేరు మీద కాలు మోపి గట్టెక్కింది.

ఒకరి తర్వాత ఒకరు గట్టెక్కుతున్నారు. సన్నాయి ఒక బండ మీద వాలి చూస్తోంది. అడవిపంది వచ్చాడు. కుందేళ్లు వచ్చాయి. బైరన్న ఏడి? ఈరమ్మ ఏది? వాళ్ల వెంట వస్తామన్న ఉడుములు, నక్కపిల్లలు ఏవి? ఈరమ్మ నడక నెమ్మది. ఆమెకి ముందు నడుస్తూ, ఆఖరి గుంపుని తను తీసుకొస్తానన్నాడు బైరన్న.

ఇంతలో గాలికి నిప్పురవ్వలు ఎగిరొచ్చాయి. గట్టు మీది ఎండిన చెట్టు భగ్గుమంది. అందరూ పట్టుకుని ఎక్కిన వేరు ఆ చెట్టుదే. అది కూడా అంటుకుంది.

'వేరు పట్టు' అని కదా పాట! వాళ్లు పొగలో తడుముకుంటూ వచ్చి నిప్పునే పట్టుకుంటారు. "వద్దు!" అని అరవబోయింది. గొంతులోంచి ఒట్టి గాలి వచ్చింది. గురివిందని చూసి రెక్కతో వేరు వైపు చూపించింది. గురివింద, చుక్కమ్మ కలిసి కేకలు వేశారు. మంట హోరులో ఆ కేకలు ఎవరికీ చేరలేదు. సన్నాయి పొగలోకి ఎగిరింది. వేడి ఆమెని ఎండుటాకులా వెనక్కి విసిరేసింది.

తను కట్టిన పాటే వాళ్లని నిప్పులోకి తీసుకొస్తోంది. తను చెయ్యగలిగింది ఏమీ లేదు.

పొగలోంచి బొంగురు గొంతు వినబడింది. బైరన్నది. పాట చివరికి వచ్చేస్తోంది.

"మెత్తగ ఉంటే వెనక్కి రా, గట్టిగ ఉంటే ముందుకి పో..."

సన్నాయి కళ్లు మూసుకుంది.

కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత ఆ గొంతే మళ్లీ, ఇంకా గట్టిగా లేచింది.

"వేరు కాలింది, వేరు వద్దు! ఎడమకి జరిగి బండ ఎక్కు!"

వెంటనే ఈరమ్మ గొంతు అందుకుంది. వెనక ఉడుములు, నక్కపిల్లలు అందుకున్నాయి. "వేరు కాలింది, వేరు వద్దు! ఎడమకి జరిగి బండ ఎక్కు!" ఎవరూ ఎప్పుడూ పాడని పాదం. అయినా ఎప్పటినుంచో తెలిసినట్టు అందరూ పాడుతున్నారు.

పొగలోంచి ముందు ఈరమ్మ మూతి కనబడింది. తర్వాత నక్కపిల్లలు. అందరినీ ముందు ఎక్కించి, చివర్న బైరన్న, కాలిన అరచేతిని గుండెకి అదుముకుని, మూడు కాళ్ల మీద బండెక్కి వచ్చాడు.

అందరూ మడుగులో పడి చల్లబడ్డారు. అవతల అడవి కాలుతూనే ఉంది. బూడిద మంచులా రాలుతోంది. బైరన్న అరచేతిని నీళ్లలో ముంచుకుని కూర్చున్నాడు. సన్నాయి వచ్చి పక్కన వాలింది.

"నీ పాట పాడుచేశాను తల్లీ," అన్నాడు బైరన్న మొహమాటంగా. "ఏమనుకోకు. వేరుకని చెయ్యి చాపాను, చుర్రుమంది. పక్కకి తడిమితే బండ తగిలింది. వెనకవాళ్లకి కథంతా చెప్పడానికి టైమేది? నోటికొచ్చింది పాటలో కలిపి అరిచేశాను."

సన్నాయి మాట్లాడబోయింది. గొంతు గీరుకుపోయి గుసగుసలా వచ్చింది.

"మళ్లీ పాడు తాతా."

"ఎందుకు?"

"నాకు నేర్పు. ఆ పాదం నాకు రాదు."

బైరన్న సిగ్గుపడుతూ పాడాడు. సన్నాయి చిరిగిన గొంతుతో అతని వెనకే పాడింది. గురివింద కలిసింది. చుక్కమ్మ వచ్చి సన్నాయి పక్కన ఒరిగి పడుకుంది. ఆమె కూడా పాడింది.

మర్నాడు పచ్చయ్య వచ్చాడు. ఈకలు మాడి నల్లబడి ఉన్నాయి. పొగలో దారి తెలియక కొండ చుట్టూ తిరిగి తిరిగి, ఎలాగో బయటపడ్డాడట. సన్నాయి పక్కన వాలి, "ఆ గోళీల పాట నాకూ నేర్పుతావా?" అని అడిగాడు.

"నేర్పుతాను," అంది సన్నాయి. "కాని ముందు నువ్వు పాడు, నేను వింటాను. నువ్వు ఎక్కడ తడబడతావో చూడాలి."

వానలు పడ్డాయి. కాలిన అడవి మళ్లీ చిగురించింది. సన్నాయి గొంతు మాత్రం పూర్తిగా బాగుపడలేదు. మునుపటి తీపి తిరిగి రాలేదు. అయినా వాన వెలిసిన ప్రతిసారీ ఆమె ఊబిలోకి దిగేది. ఎవరో ఒకరిని వెంటబెట్టుకుని, కళ్లు మూసుకుని నడిచేది. "ఇప్పుడు కాళ్ల కింద ఏముంది?" అని అడిగేది. వాళ్లు చెప్పింది విని, పాటని మళ్లీ దిద్దేది.

నీతి: మెప్పు విని మురిసి ఊరుకుంటే పాట అక్కడే ఆగిపోతుంది, పాడేవాళ్లు తడబడిన చోటల్లా ఓపికగా దిద్దుకుంటేనే ఆ పాట పదిమందికి పనికొస్తుంది.